ఇంటర్ ఎంపీసీ చదివినవారికి కాలిక్యులస్ 2: తెలిసిన సగం, తెలియని సగం

జవాబు మొత్తం మీ పరిస్థితి మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. గుంటూరులో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, ఎఫ్-1 వీసా మీద టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ బీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నారు. కాలిక్యులస్ 1లో పెద్దగా కష్టపడకుండానే ‘ఏ’ గ్రేడు వచ్చింది. ఇప్పుడు కాలిక్యులస్ 2ను వేసవిలో దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో 5 వారాల్లో ముగించేయాలా, లేక ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌లో తీసుకోవాలా అన్నది మీ మొదటి సందేహం. సీనియర్లు భయపెడుతున్నంత కష్టమా, ఎలా చదవాలి, మధ్యలో చెడితే వదిలేయవచ్చా అన్నవి మిగతావి. నేను టెక్సస్‌లోనే ఈ కోర్సును చాలా ఏళ్లుగా బోధిస్తున్నాను కనుక, తరగతి గదికి అటువైపు నుంచి చూసినది చెబుతాను.

మీకు ఫాల్ సెమిస్టరే మంచిది. కోర్సు మీ శక్తికి మించినదని కాదు, అందులో దాదాపు సగం మీకు ముందే వచ్చు కాబట్టి అలా అంటున్నాను. మొదటి పరీక్షలో తొంభైల్లో మార్కులు తెచ్చుకుని, మూడో పరీక్షకు యాభైల దగ్గర ఆగిపోయి, ఏం జరిగిందో అర్థంకాక నా గదికి వచ్చే విద్యార్థుల్లో మన ఎంపీసీ పిల్లలు ప్రతిసారీ కనిపిస్తారు. వారికి తెలివి తక్కువై కాదు. ఏడెనిమిది వారాలపాటు ‘ఇదంతా మనకు వచ్చినదే’ అన్న ధీమాతో కూర్చుని, సరిగ్గా కొత్త విషయం మొదలయ్యే వారానికి చదివే అలవాటు తప్పిపోయి ఉంటారు. ఈ జవాబులో మిగతాదంతా ఒక రకంగా ఈ మాటకు వివరణే.

టెక్సస్ ప్రభుత్వ కళాశాలలు క్రెడిట్ల బదిలీ సులువుగా జరగడానికి వాడుకునే ఉమ్మడి సంఖ్యల్లో ఈ కోర్సు మ్యాథ్ 2414. ఆ సంఖ్యలో రెండో అంకె ఇది 4 క్రెడిట్ల కోర్సని చెబుతుంది. ఇంటిగ్రేషన్ పద్ధతులు, ఘనపరిమాణం, వక్రం పొడవు, పని వంటి అనువర్తనాలు, ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్, అనుక్రమాలు, అనంత శ్రేణులు, టేలర్ శ్రేణులు, చివర పారామెట్రిక్ సమీకరణాలు, పోలార్ నిరూపకాలు (దూరం, కోణంతో బిందువును గుర్తించే పద్ధతి) ఇందులో ఉంటాయి. కాలేజీని బట్టి వరుస కొంత మారుతుంది. వీటిలో సబ్‌స్టిట్యూషన్, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, రిడక్షన్ ఫార్ములాలు, నిశ్చిత సమాకలనులు, వక్రాల మధ్య వైశాల్యం మీరు ఇంటర్ గణితం 2బి పేపర్‌లో చేశారు. పాక్షిక భిన్నాలు 2ఎలో చేశారు. హైపర్‌బోలిక్ ప్రమేయాలను 1ఎలోనే చూశారు. ఇక్కడి తోటి విద్యార్థుల్లో చాలామంది వాటి పేరు కూడా విని ఉండరు. కానీ ఘనపరిమాణాలు, ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్, అనంత శ్రేణికి మొత్తం ఉందా లేదా తేల్చే కన్వర్జెన్స్ టెస్టులు, టేలర్ శ్రేణులు మీకు కొత్త. మార్కుల్లో అధిక భాగం కూడా వాటి చుట్టూనే తిరుగుతుంది.

తెలిసిన సగంలోనూ ఒక మెలిక ఉంది. ఇంటర్‌లో అభ్యాసం పైన ఏ పద్ధతి పేరుంటే కింద లెక్కలన్నీ ఆ పద్ధతివే. ఇక్కడి పరీక్షలో అన్ని పద్ధతుల లెక్కలూ కలిపి ఇస్తారు, ఏది దేనికో మీరే పోల్చుకోవాలి. ఉదాహరణకు హారంలో ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1 ఉన్న లెక్కలు తీసుకోండి. లవంలో 1 ఉంటే జవాబు టాన్ ఇన్వర్స్ ఎక్స్. లవంలో ఎక్స్ ఉంటే సబ్‌స్టిట్యూషన్ చేయాలి, జవాబు ఆ హారం లాగరిథమ్‌లో సగం. లవంలో ఎక్స్ స్క్వేర్ ఉంటే ముందు భాగహారం చేయాలి, జవాబు ఎక్స్ మైనస్ టాన్ ఇన్వర్స్ ఎక్స్. హారంలోని ప్లస్‌ను మైనస్ చేస్తే మొదటి లెక్క పాక్షిక భిన్నాల్లోకి వెళుతుంది. మైనస్ చేయకుండా హారం మొత్తాన్ని వర్గమూలం కింద పెడితే అది ట్రిగనామెట్రిక్ సబ్‌స్టిట్యూషన్ లెక్క అవుతుంది. కాగితం మీద చూడటానికి ఇవన్నీ అక్కాచెల్లెళ్లలాగే ఉంటాయి.

ఇంకో ముగ్గురిని చూడండి. ఎక్స్ ఇంటూ ఇ పవర్ ఎక్స్ స్క్వేర్ అర నిమిషం పని. ఎక్స్ స్క్వేర్ ఇంటూ ఇ పవర్ ఎక్స్‌కు బై పార్ట్స్ రెండుసార్లు చేయాలి. ఒంటరిగా ఉన్న ఇ పవర్ ఎక్స్ స్క్వేర్‌కు మాత్రం మనకు తెలిసిన ప్రమేయాలతో జవాబు రాయడమే సాధ్యం కాదు. అది మన చేతకానితనం కాదని 1830లలో జోసెఫ్ లియూవిల్ నిర్మించిన సిద్ధాంతం రుజువు చేస్తుంది. ఆ మూడోదాన్ని చూసి బై పార్ట్స్‌తో రెండు పేజీలు నింపే విద్యార్థి బై పార్ట్స్‌లో ఏ ప్రమేయాన్ని ముందు తీసుకోవాలో చెప్పే ‘ఐలేట్’ సూత్రాన్ని తప్పుగా వాడినవాడు కాడు, అసలు ప్రశ్న ఏమిటో చూడనివాడు. అందుకే నేను అందరికీ చెప్పే అభ్యాసం ఒకటుంది. అధ్యాయం చివర కలగలిపి ఇచ్చిన లెక్కల్లోంచి ఓ ఇరవై ఎంచుకుని, ఏదీ పూర్తిగా చేయకుండా, ఒక్కోదాని పక్కన ఏ పద్ధతి వాడాలో, ఎందుకో ఒక్క వాక్యం రాయండి. తరువాత అనుమానం ఉన్నవి మాత్రమే చేసి చూడండి. ఒక సాయంత్రం ఇలా గడిపితే, ఒకే రకం లెక్కలు యాభై చేసిన దానికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది.

రాసే తీరు గురించీ ఇక్కడే చెప్పాలి. ఎంసెట్, జేఈఈ కోసం చదివిన చేతికి నాలుగు ఆప్షన్లు చూసి మూడింటిని కొట్టేయడం అలవాటై ఉంటుంది. ఇక్కడ పది మార్కుల ప్రశ్నలో తుది జవాబుకు రెండు మార్కులుంటే, అక్కడి దాకా నడిచిన దారికి ఎనిమిది ఉండవచ్చు. వర్గమూలం కింద ఎ స్క్వేర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌కు ఇంటిగ్రల్ ఏమిటో మీకు సూత్రంగా కంఠస్థమే. కానీ ట్రిగనామెట్రిక్ సబ్‌స్టిట్యూషన్ పాఠం మీద పెట్టిన పరీక్షలో ఆ సూత్రం ఒక్క లైనులో రాసి ఊరుకుంటే చాలామంది ఉపాధ్యాయులు మార్కులు ఇవ్వరు, ఇవ్వకపోవడం న్యాయమే. ఎక్స్ స్థానంలో ఎ సైన్ తీటా పెట్టి, త్రిభుజం గీసి, తిరిగి ఎక్స్‌లోకి రావాలి. సహజ లాగరిథమ్‌ను మన పుస్తకాల్లో ‘లాగ్’ అని రాస్తారు, ఇక్కడ ‘ఎల్ఎన్’ అని రాయాలి. ‘లాగ్’ అని రాస్తే ఆధారం 10 అనుకునేవారున్నారు. స్థిరాంకం సి మరిచిపోతే పోయే మార్కు చిన్నదే, కానీ ప్రతి లెక్కలోనూ పోతుంది.

అనువర్తనాల్లో ఘనపరిమాణం లెక్కలకు బీజగణితం కన్నా బొమ్మ ముఖ్యం. వై ఈక్వల్స్ ఎక్స్ మైనస్ ఎక్స్ స్క్వేర్ అనే వక్రానికీ ఎక్స్ అక్షానికీ మధ్యనున్న ప్రాంతాన్ని వై అక్షం చుట్టూ తిప్పమన్నారనుకోండి. అడ్డంగా కోసి వాషర్ పద్ధతిలో చేయబోతే ప్రతి ఎత్తు దగ్గరా ఒక వర్గసమీకరణం సాధించాలి. నిలువుగా కోసి షెల్ పద్ధతిలో చేస్తే 2π ఇంటూ 1/3 మైనస్ 1/4, అంటే π/6, రెండు లైన్లలో వచ్చేస్తుంది. లెక్క చేయడం అందరికీ వస్తుంది. ఏ వైపు నుంచి కోయాలో చూడటానికే బొమ్మ గీయాలి. మనవాళ్లు అది గీయరు.

తొట్టిలోంచి నీళ్లు తోడే లెక్కల్లో మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. ఇక్కడ అడుగులు, పౌండ్లు వాడతారు. ఘనపుటడుగు నీటి బరువు 62.4 పౌండ్లు. ఆ పౌండు అప్పటికే బలం, ద్రవ్యరాశి కాదు. ఇంటర్ ఫిజిక్స్ అలవాటుతో దాన్ని మళ్లీ ‘జి’తో గుణించేవారిని ప్రతి సెమిస్టర్‌లోనూ చూస్తాను. మీటర్లలో ఇస్తే మాత్రం 9.8తో గుణించాల్సిందే. స్ప్రింగ్ లెక్కలో అంగుళాలిచ్చి జవాబు ఫుట్-పౌండ్లలో అడుగుతారు, మార్చుకోవడం మరవకండి.

ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్ చిన్న పాఠమే అయినా తెలిసిన సగానికీ తెలియని సగానికీ మధ్య వంతెన అదే. 1 నుంచి అనంతం వరకు 1/ఎక్స్ స్క్వేర్ కింద ఉన్న వైశాల్యం సరిగ్గా 1. అదే అవధుల మధ్య 1/ఎక్స్ కింద ఉన్న వైశాల్యానికి అంతే లేదు. రెండు వక్రాలూ ఎక్స్ అక్షానికి దగ్గరవుతూనే పోతాయి, తేడా దగ్గరయ్యే వేగంలో ఉంది. ఈ ఒక్క విషయం మీద ఒక రోజు ఆగి ఆలోచించినవారికి శ్రేణుల పాఠంలో సగం భయం పోతుంది. ఇందులో ఒక ఉచ్చు కూడా ఉంటుంది. మైనస్ 1 నుంచి 1 వరకు 1/ఎక్స్ స్క్వేర్‌ను 2బి పద్ధతిలో యథాలాపంగా చేస్తే జవాబు మైనస్ 2 వస్తుంది. ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే ప్రమేయం కింద వైశాల్యం రుణాత్మకం ఎలా అవుతుంది? మధ్యలో సున్నా దగ్గర ప్రమేయం అనంతానికి పోతున్నదని చూడకుండా అవధులు వేసేశాం. ఆ ఇంటిగ్రల్ నిజానికి డైవర్జ్ అవుతుంది, అంటే దానికి పరిమితమైన విలువ లేదు.

ఇక శ్రేణులు. మీరు ఇంటర్‌లో అనంత శ్రేణులు చూడలేదని కాదు, చూశారు. 2ఎలో ద్విపద సిద్ధాంతం కింద ఏడు మార్కులకు వచ్చే ఈ ప్రశ్న ఎంపీసీ చదివిన వారెవరూ మరిచిపోరు: 1/5 + (1·3)/(5·10) + (1·3·5)/(5·10·15) + … మొత్తాన్ని ఎక్స్ అనుకుంటే, 3 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6 ఎక్స్ విలువ ఎంత? రెండు వైపులా 1 కలిపి, కుడివైపున్నది 1 మైనస్ 2/5 అనేదానికి మైనస్ 1/2 ఘాతం విస్తరణ అని పోల్చుకుని, వర్గం చేస్తే జవాబు 2. చేయి తిరిగినవారికి నాలుగు నిమిషాలు పడుతుంది.

ఆ నాలుగు నిమిషాల్లో మనం ఒక ప్రశ్న అడగలేదు. అంతులేనన్ని సంఖ్యలను కూడితే ఒక మొత్తం వస్తుందని ముందుగా ఎలా అనుకున్నాం? ‘ఎక్స్ అనుకుంటే’ అన్న మాటలోనే ఆ మొత్తం ఉన్నదని ఒప్పేసుకున్నాం. ఇదే ధైర్యంతో 1 + 2 + 4 + 8 + … కు అనంత గుణశ్రేఢి సూత్రం వేస్తే జవాబు మైనస్ 1 వస్తుంది. సూత్రం పక్కన రాసి ఉండే ‘ఎక్స్ మాడ్యులస్ 1 కన్నా తక్కువ’ అన్న షరతును మనం కంఠస్థం చేశాం తప్ప అది ఎందుకుందో అడగలేదు. కాలిక్యులస్ 2 రెండో సగం మొత్తం ఆ షరతు గురించే.

ఇప్పుడు అదే ఏడు మార్కుల ప్రశ్నను ఇక్కడి కళ్లతో చూడండి. పదాలు వరుసగా 0.2, 0.06, 0.02, 0.007. ఒక్కో పదాన్ని దాని ముందు పదంతో భాగిస్తే మొదట 3/10, తరువాత 5/15, తరువాత 7/20 వస్తాయి. లవం రెండేసి, హారం ఐదేసి పెరుగుతున్నాయి కనుక ఈ నిష్పత్తి 2/5కు చేరుకుంటుంది. అది 1 కన్నా తక్కువ కాబట్టి, ఎంతో దూరం వెళ్లాక ఈ శ్రేణి సామాన్య నిష్పత్తి 2/5 ఉన్న గుణశ్రేఢిలాగే ప్రవర్తిస్తుంది, అందువల్ల మొత్తం ఉంటుంది. దీన్నే రేషియో టెస్టు అంటారు. మొదటి నాలుగు పదాలు కూడితే 0.287, అసలు మొత్తం సుమారు 0.291. ఇంటర్‌లో మీకు జవాబు తెలుసు, అది ఉండటానికి కారణం తెలియదు. ఇక్కడ చాలాసార్లు జవాబు ఎంతో ఎవరూ అడగరు, ఉందా లేదా అని మాత్రమే అడుగుతారు. లెక్కకు జవాబుగా సంఖ్య రాకపోవడం మనవాళ్లను మొదటి రెండు వారాలు బాగా ఇబ్బంది పెడుతుంది.

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది 1 + 1/2 + 1/3 + 1/4 + … అనే హార్మోనిక్ శ్రేణి దగ్గర. పదాలు సున్నాకు పోతున్నాయి కాబట్టి మొత్తం ఎక్కడో ఆగుతుందని మనసు చెబుతుంది. ఆగదు. 5 దాటడానికి 83 పదాలు చాలు, 10 దాటడానికి 12,367 పదాలు కావాలి, పది లక్షల పదాలు కూడినా 14.4 కూడా రాదు, అయినా ఏ హద్దు పెట్టినా ఎప్పుడో ఒకప్పుడు దాటుతుంది. కాలిక్యులేటర్‌తో కూడి చూసేవారికి ఇది ఆగిపోయినట్టే కనిపిస్తుంది. 14వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరెమ్ దీనికి ఇచ్చిన రుజువు పదో తరగతి విద్యార్థికి కూడా అర్థమవుతుంది. 1/3, 1/4 కలిస్తే సగానికి మించుతాయి. తరువాతి నాలుగు పదాలు కలిస్తే మళ్లీ సగానికి మించుతాయి. తరువాతి ఎనిమిదీ అంతే. సగాలు ఎన్నైనా పోగవుతూనే ఉంటాయి. మీరు కంప్యూటర్ సైన్స్ విద్యార్థి కనుక ఒక మాట. ఈ కూడిక ‘ఎన్’ పదాల వరకు దాదాపు సహజ లాగరిథమ్‌లా పెరగడమే క్విక్ సార్ట్ సగటు విశ్లేషణలో లాగ్ కనిపించడానికి కారణం. అల్గారిథమ్స్ తరగతిలో ఇది మళ్లీ ఎదురవుతుంది.

అర్థంకావడంలో అసలు చిక్కు మరొకటి. ప్రతి శ్రేణి వెనకా రెండు అనుక్రమాలుంటాయి: విడివిడి పదాల వరుస ఒకటి, అప్పటివరకు కూడిన మొత్తాల వరుస ఇంకొకటి. 1/2, 2/3, 3/4, 4/5 అనే వరుస 1కి చేరుతుంది, అంటే అనుక్రమం కన్వర్జ్ అవుతుంది. అవే పదాలను కూడితే శ్రేణి డైవర్జ్ అవుతుంది. ఈ రెంటినీ కలిపేసుకున్నవారికి టెస్టులన్నీ మంత్రాల్లా కనిపిస్తాయి, విడదీసుకున్నవారికి ఒకే ఆలోచనకు వేర్వేరు రూపాల్లా కనిపిస్తాయి. కనుక ఏ టెస్టూ నేర్చుకోకముందు, నాలుగైదు శ్రేణులకు మొదటి ఆరు మొత్తాలను చేత్తో లెక్కగట్టి ఒక పట్టిక వేయండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది, అయినా వేయండి.

టెస్టుల్లో ఏది ఎంచుకోవాలన్నదానికి నా పద్ధతి చాలా మోటుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. ఫ్యాక్టోరియల్ గానీ ఘాతంలో ‘ఎన్’ గానీ కనిపిస్తే ముందు రేషియో టెస్టు. లవహారాల్లో బహుపదులు మాత్రమే ఉంటే పెద్ద ఘాతాలు తప్ప మిగతావన్నీ చెరిపేసి చూడండి. లవంలో ఎన్ స్క్వేర్ ప్లస్ 5, హారంలో ఎన్ పవర్ 4 ప్లస్ 3 ఉంటే అది 1/ఎన్ స్క్వేర్ లాంటిదే, లిమిట్ కంపారిజన్ టెస్టు రాయండి. ఇక్కడ రేషియో టెస్టు వేస్తే ప్రతిసారీ 1 వస్తుంది, అంటే ఏమీ తేలదు. ‘1 వచ్చింది కాబట్టి కన్వర్జ్’ అని రాసే పేపర్లు ప్రతి ఏటా దిద్దుతాను. లాగ్ కనిపిస్తే ఇంటిగ్రల్ టెస్టు గుర్తుకు రావాలి. 1 బై ఎన్ లాగ్ ఎన్ డైవర్జ్ అవుతుంది, లాగ్‌కు వర్గం పెడితే కన్వర్జ్ అవుతుంది. ప్లస్‌లు, మైనస్‌లు మారిమారి వస్తుంటే ఆల్టర్నేటింగ్ సిరీస్ టెస్టు.

మార్కుల కోసం ప్రతి జవాబులోనూ టెస్టు పేరు, దాని షరతులు ఇక్కడ నెరవేరాయన్న నిర్ధారణ, చివరి తీర్పు తప్పక ఉండాలి. మధ్యదాన్ని మనవాళ్లు వదిలేస్తారు. ఇంటిగ్రల్ టెస్టు వాడితే ప్రమేయం ధనాత్మకం, అవిచ్ఛిన్నం, తగ్గుతున్నది అని రాయాలి. ఆ లైను లేకపోతే మిగతాదంతా సరైనదైనా నేను మార్కులు తగ్గిస్తాను, నా సహోద్యోగులూ తగ్గిస్తారు.

పవర్ సిరీస్‌లో (ఎక్స్ ఘాతాలతో కూడిన శ్రేణిలో) రేషియో టెస్టుతో వ్యాసార్థం, అంటే సున్నా నుంచి ఎంత దూరం లోపలి ఎక్స్ విలువలకు అది కన్వర్జ్ అవుతుందో తేల్చాక రెండు చివరల దగ్గరా విడిగా చూడాలి. ఎక్స్ పవర్ ఎన్ బై ఎన్ అనే శ్రేణికి వ్యాసార్థం 1. ఎక్స్ విలువ 1 దగ్గర అది పైన చెప్పిన హార్మోనిక్ శ్రేణే కనుక డైవర్జ్, మైనస్ 1 దగ్గర కన్వర్జ్. చివరలు చూడకపోవడం వల్ల పోయినన్ని మార్కులు ఈ కోర్సులో మరెక్కడా పోవు.

టేలర్ శ్రేణులకు వచ్చేసరికి, ఇంతవరకు విడివిడిగా ఉన్నవన్నీ కలుస్తాయి. 1 బై 1 మైనస్ ఎక్స్, ఇ పవర్ ఎక్స్, సైన్, కొసైన్, లాగ్ 1 ప్లస్ ఎక్స్, టాన్ ఇన్వర్స్: ఈ ఆరింటి శ్రేణులు నిద్రలో అడిగినా రావాలి. మిగతావాటిని ఈ ఆరింటిలోంచి సబ్‌స్టిట్యూషన్, అవకలనం, సమాకలనం ద్వారా తెచ్చుకోవాలి తప్ప ప్రతిసారీ ఐదేసి అవకలజాలు తీయనక్కరలేదు. పైన జవాబే రాయలేమన్న ఇ పవర్ ఎక్స్ స్క్వేర్‌కు తోబుట్టువు ఒకటుంది, ఇ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్. సంభావ్యతలో గంట ఆకారపు వక్రం అదే. దానికీ మామూలు సూత్రం లేదు, కానీ శ్రేణిగా రాసి 0 నుంచి 1 వరకు పదం పదం ఇంటిగ్రేట్ చేస్తే 1 − 1/3 + 1/10 − 1/42 + 1/216 వస్తుంది. కూడితే 0.7475. పదాలు తగ్గుతూ, గుర్తులు మారుతూ ఉన్నాయి కనుక లోపం తరువాతి పదమైన 1/1320 కన్నా తక్కువని టెస్టే హామీ ఇస్తుంది. అసలు విలువ 0.7468. సాధ్యం కాదన్న లెక్కను ఐదు భిన్నాలతో మూడు దశాంశాల దాకా పట్టుకున్నాం.

అన్ని శ్రేణులూ ఇంత వేగంగా దిగిరావు. 1 − 1/3 + 1/5 − 1/7 + … మొత్తం π/4 అని 14వ శతాబ్దపు కేరళ గణితవేత్త సంగమగ్రామ మాధవుడి శిష్యపరంపర ఆయన పేరు మీద నమోదు చేసింది. పై హామీ ప్రకారం దీంతో π విలువను 0.01 లోపు తేడాతో పట్టుకోవాలంటే 200 పదాలు కూడాలి. అందుకే ఆ పరంపరవారు చివర కలపడానికి సవరణ పదాలు కూడా ఇచ్చారు. ‘లోపం ఇంత కన్నా తక్కువ ఉండాలంటే ఎన్ని పదాలు కావాలి’ అన్న ప్రశ్న ఫైనల్‌లో తరచుగా వస్తుంది కాబట్టి దీన్ని ఒకసారి చేసి పెట్టుకోండి.

పోలార్, పారామెట్రిక్ పాఠాలు సెమిస్టర్ చివర హడావుడిగా జరుగుతాయి. బొమ్మ గీయడం, సౌష్ఠవం వాడుకోవడం వస్తే చాలు. ఆర్ ఈక్వల్స్ 1 ప్లస్ కాస్ తీటా అనే కార్డియాయిడ్ వైశాల్యం 3π/2 అని మీరే రాబట్టగలిగితే ఆ భాగానికి సిద్ధమైనట్టే.

చదివే పద్ధతి గురించి ఇక ఎక్కువ చెప్పనక్కరలేదు. మొదటి ఆరేడు వారాల్లో మీకు తోటివారికన్నా ఖాళీ ఉంటుంది. ఆ సమయంలో శ్రేణుల అధ్యాయం ముందుగా మొదలుపెట్టండి, వారానికి రెండు మూడు గంటలు చాలు. నేను చెప్పే ఒకే ఒక్క ఉపాయం ఇది, పాటించినవారికి పనిచేసింది. ఆన్‌లైన్ హోంవర్క్‌లో వంద శాతం చూసి మురిసిపోవద్దు. ఒకే ప్రశ్నకు ఐదు ప్రయత్నాలిచ్చి, పక్కనే ‘ఇలాంటి ఉదాహరణ’ చూపించే వ్యవస్థలో వంద శాతం రావడం పెద్ద సంగతి కాదు. వుల్ఫ్రామ్ ఆల్ఫా వంటివి జవాబు సరిచూసుకోవడానికి మంచివే, కానీ పద్ధతి ఎంచుకునే పనిని కూడా వాటికి అప్పగిస్తే పరీక్షలో ఆ పని చేసేవారు ఉండరు. ఆఫీస్ అవర్స్‌కు వెళ్లండి. సార్ ఏమనుకుంటారో అన్న మొహమాటం మనవాళ్లకు ఎక్కువ. ఆ గంటలు మీ కోసమే పెట్టినవి, చాలా వారాలు మేము ఒంటరిగా కూర్చుంటాం. ‘నాకు అర్థం కాలేదు’ అనకుండా, మీరు ప్రయత్నించి ఆగిపోయిన లైను చూపించండి.

ఇప్పుడు వేసవి సంగతి. 15 వారాల కోర్సును 5 వారాల్లో చెబితే ఒక్కో వారం మూడు వారాల పాఠం. ఇంటిగ్రేషన్ పద్ధతులు మీకు వచ్చు కనుక మొదటి రెండు వారాలు హాయిగా గడుస్తాయి. తరువాత శ్రేణుల పాఠం మొత్తం సుమారు పది రోజుల్లో మీద పడుతుంది. ఈ విషయం నానడానికి సమయం కావాలి, గంటలు పెంచితే సరిపోదు. పైగా టెక్సస్‌లో ట్రాన్‌స్క్రిప్ట్ మీద గుర్తు లేకుండా కోర్సు వదులుకునే గడువు ఫాల్, స్ప్రింగ్‌లలో 12వ తరగతి దినం, 5 వారాల వేసవి టర్ములో 4వ తరగతి దినం. ఇవి మీ కోర్సు సమావేశమయ్యే రోజులు కావు, కాలేజీలో బోధన జరిగే రోజులు. ఆ నాలుగో రోజుకు మీరింకా బై పార్ట్స్ చేస్తుంటారు, అంతా బాగుందనే అనిపిస్తుంది. నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సమాచారం అప్పటికి మీ చేతిలో ఉండదు.

కమ్యూనిటీ కాలేజీలో బోధన తక్కువ స్థాయిలో ఉంటుందన్న మాట నేను ఒప్పుకోను. తరగతి చిన్నది, ఉపాధ్యాయుడు అందుబాటులో ఉంటాడు, ఫీజు తక్కువ. అక్కడే తీసుకోవాలనుకుంటే పూర్తి సెమిస్టర్‌లో తీసుకోండి. ముందుగా మీ విశ్వవిద్యాలయం మ్యాథ్ 2414ను తన ఏ కోర్సుకు సమానంగా లెక్కేస్తుందో సలహాదారు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. సాధారణంగా బదిలీ అయ్యేది క్రెడిట్టే కానీ గ్రేడు జీపీఏలో కలవదు, కాబట్టి అక్కడ కష్టపడి తెచ్చుకున్న ‘ఏ’ మీ జీపీఏను పెంచకపోవచ్చు. కాలిక్యులస్ 3కు వెళ్లాలంటే చాలాచోట్ల ఇందులో కనీసం ‘సి’ గ్రేడు తప్పనిసరి.

చివరగా, మధ్యలో వదిలేయడం. 12వ దినం దాటాక వదిలితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా గుర్తు) వస్తుంది. ఒక ‘డబ్ల్యూ’తో కొంప మునగదు, ‘డి’ కన్నా అది నయం. కానీ రెండు లెక్కలు గుర్తుంచుకోవాలి. 2007 ఫాల్‌లో గానీ ఆ తరువాత గానీ తొలిసారి డిగ్రీలో చేరినవారు, కొన్ని మినహాయింపులు తప్ప, టెక్సస్ ప్రభుత్వ కళాశాలలన్నిటిలో కలిపి డిగ్రీ మొత్తంలో 6 కోర్సులకు మించి ఇలా వదలకూడదని రాష్ట్ర చట్టం చెబుతుంది. రెండోది మీకు మరీ ముఖ్యం. ఎఫ్-1 మీద ఉన్న అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థి ఫాల్, స్ప్రింగ్‌లలో కనీసం 12 క్రెడిట్లు చదువుతూ ఉండాలి, వాటిలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అదీ 3 క్రెడిట్ల వరకే లెక్కకు వస్తుంది. డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారి) అనుమతి ముందుగా తీసుకోకుండా 12 కన్నా కిందికి దిగితే స్టేటస్‌కే ముప్పు. అనుమతి తరువాత తెచ్చుకోవచ్చులే అనుకుని ముందుగా కోర్సు వదిలేసిన వారి అవస్థ చూశాను. కనుక ఫాల్‌లో 16 క్రెడిట్లతో మొదలుపెట్టండి, ఈ 4 పోవలసి వచ్చినా 12 మిగులుతాయి. భారం పెరుగుతుందనుకుంటే మిగతావాటిలో అమెరికా చరిత్ర, ప్రభుత్వం వంటివి పెట్టుకోండి. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏ డిగ్రీకైనా అవి చెరో 6 క్రెడిట్లు ఎలాగూ చదవాల్సిందే.